సీసాలోని కాయ

31 ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పాను. వివృతబీజాల పాఠం వచ్చినప్పుడల్లా నల్లబల్ల మీద పైన్ కాయ బొమ్మ గీసేదాన్ని. అడుగున వెడల్పు, కొనకు సన్నం, ఒళ్లంతా చేప పొలుసుల్లాంటి గీతలు. పక్కన బాణం గుర్తు పెట్టి ‘స్త్రీ శంకువు’ అని రాసేదాన్ని. నిజానికి దాన్ని కాయ అనకూడదు. వివృతబీజాలకు కాయ ఉండదు, విత్తనం ఆరుబయటే ఉంటుంది. పరీక్షలో ఎవరైనా కాయ అని రాస్తే నేనే అర మార్కు కోసేదాన్ని. ఇప్పుడు రిటైరయ్యాను కనుక హాయిగా కాయ అనే అంటాను.

పిల్లలకు చూపించడానికి ల్యాబ్ అలమారాలో ఒక సీసా ఉండేది. అందులో ఫార్మలిన్ నీళ్లలో మునిగిన కాయ ఒకటి, బిగించిన పిడికిలిలా. నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉంది, నేను వచ్చేసిననాడూ ఉంది. కరీంనగర్ చుట్టుపక్కల పైన్ చెట్టు ఎక్కడ దొరుకుతుంది? నాకు తెలిసిన పైన్ కాయ అంటే ఆ సీసాలోదే.

2024 అక్టోబర్‌లో సద్దుల బతుకమ్మను చెరువులో వదిలి, దసరా నాడు జమ్మి ఆకు బంగారమని చేతుల్లో పెట్టించుకుని, ఆ వారమే మా బిడ్డ దగ్గరికి బయలుదేరాను. వాళ్లుండేది నార్త్ కరోలినా రాష్ట్రంలో కేరీ అనే ఊళ్లో. అక్కడ వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. కొట్లలో కరివేపాకు నుంచి జొన్నపిండి దాకా దొరుకుతాయి. సాయంత్రం నడకకు పోతే నాలుగడుగులకోసారి తెలుగు వినబడుతుంది. నాకు కొత్తగా కనిపించినవి చెట్లే. ఇళ్ల వెనక కరెంటు స్తంభాల్లా నిటారుగా లేచిన పైన్ చెట్లు. వీటిని లాబ్లాలీ పైన్ అంటారని మనవరాలు చెప్పింది.

వచ్చిన నాలుగో రోజు పొద్దున వాకిట్లో నడుస్తుంటే చెప్పు కింద ఏదో కరకరమంది. వంగి తీశాను. చెక్కలో చెక్కిన పువ్వులా ఉంది. రేకు రేకుకూ కొసన చిన్న ముల్లు.

“ఇదేం పువ్వు బిడ్డా?”

మా బిడ్డ పకపకా నవ్వింది. “పైన్ కోన్ అమ్మా. సైన్స్ టీచర్వు నువ్వు, నన్నడుగుతవేంది?”

సిగ్గేసింది. అయినా ఊరుకోకుండా, పైన్ కాయ ఇట్లా విచ్చుకుని ఉండదని కాసేపు వాదించాను కూడా. దాన్ని తెచ్చి వరండా మెట్టు మీద పెట్టాను. ఆ రాత్రంతా వాన. తెల్లారి తలుపు తీసి చూస్తే మెట్టు మీద నా సీసాలోని కాయ ఉంది! పొలుసుకు పొలుసు అతుక్కుని, పిడికిలి బిగించుకుని.

అక్కడే చతికిలబడ్డాను. పొలుసు అడుగు పొర తడికి ఎక్కువ ఉబ్బుతుంది, పై పొర అంతగా ఉబ్బదు, అందుకని పొలుసు లోపలికి వంగుతుంది. ఎండితే అడుగు పొర ముడుచుకుని పొలుసు బయటికి విచ్చుకుంటుంది. విత్తనానికి రెక్క ఉంటుంది కదా, పొడి గాలి ఉన్నరోజే ఎగిరితే దూరం పోతుంది. వానలో రాలితే చెట్టు కిందే పడుంటుంది. ఇదంతా ఎక్కడో చదివిన సంగతే. అయితే నీళ్లలో ఉన్న కాయను చూపించి “పైన్ కాయ ఇట్లా ఉంటుంది” అని 31 బ్యాచుల పిల్లలకు చెప్పాను. నీళ్లలో ఉంది కాబట్టే అది అట్లా ఉందన్న మాట ఒక్కనాడు కూడా తట్టలేదు.

మెట్టు మీద కూర్చుని కాయతో నాలో నేను మాట్లాడుకుంటుంటే పక్కింటి పెద్దావిడ చూసినట్టుంది. డెబ్బై దాటిన మనిషి. అమెరికా దక్షిణాది పద్ధతి ప్రకారం మా మనవరాలు ఆమెను పేరుకు ముందు ‘మిస్’ చేర్చి పిలుస్తుంది, మనం అత్తా, పెద్దమ్మా అన్నట్టే. కంచె మీద చేతులు పెట్టి అడిగింది, నీకు ఇవి నచ్చాయా అని. నచ్చాయన్నాను. ఇవి ఏపాటి, అసలు కాయలు చూపిస్తాను రా అంది. ఏటా థాంక్స్‌గివింగ్ పండుగ అయిన శనివారం ఆమె తమ్ముడి భూమికి పోయి కాయలు ఏరుకొస్తుందట. వాటితో క్రిస్మస్ దండలు కట్టి చర్చికీ, వీధిలో తెలిసిన నాలుగిళ్లకూ ఇస్తుందట.

అట్లా నవంబర్ 30న ఆమె కారులో నేనూ, మా బిడ్డా, మనవరాలూ, వెనక నాలుగు ఖాళీ అట్టపెట్టెలూ.

ఒకటో నంబరు రోడ్డు పట్టుకుని నైరుతి దిక్కుగా గంటకు పైగా ప్రయాణం. కేరీ దగ్గర మట్టి మా ఎర్ర చెల్కల రంగే. రోడ్డు కోసిన గట్ల దగ్గర చూస్తే హుజూరాబాద్ దారిలో ఉన్నానా అనిపించింది. పోను పోను ఎరుపు వెలిసిపోయి తెల్లటి ఇసుక మొదలైంది. అచ్చం మానేరు ఇసుక, ఏరు మాత్రం లేదు. కోట్ల ఏళ్ల కిందట సముద్రం ఇంతదాకా ఉండేదని, ఈ ఇసుక అప్పటిదని పెద్దావిడ చెప్పింది. ఈ ప్రాంతాన్ని శాండ్‌హిల్స్ అంటారు, ఇసుక గుట్టలని. మా దగ్గరైతే ఇంత ఇసుకను రాత్రికి రాత్రే లారీలకెత్తేవాళ్లు.

దారిలో ఒక చిన్న కొట్టు ముందు ‘ఉడకబెట్టిన పల్లికాయ’ అని చేత్తో రాసిన బోర్డు కనబడితే కారు ఆపించాను. పెద్ద కాగులో ఉప్పునీళ్లలో పల్లికాయలు కుతకుతలాడుతున్నాయి. కొట్టు అబ్బాయికి ఇరవై ఏళ్లుంటాయి. అడిగినదానికల్లా ‘యెస్ మ్యామ్’, అడగనిదానికీ ‘యెస్ మ్యామ్’. గ్లాసులో పోసిచ్చి, తినడం తెలుసా అని నెమ్మదిగా అడిగాడు. నా వంక చూసి మా బిడ్డ నవ్వాపుకుంది. నేను పల్లికాయ పళ్ల మధ్య పెట్టి చిట్లించి, లోపలి ఉప్పునీళ్లు జుర్రి, తొక్క అరచేతిలో వేసుకున్నాను. ఆ పిల్లాడు ‘యెస్ మ్యామ్’ అన్నాడు మళ్లీ. పల్లికాయ ఉడకేసుకునే ఊరు నాకు పరాయి ఊరు కాదు.

పెద్దావిడ ముందు మమ్మల్ని సదర్న్ పైన్స్ ఊళ్లోని వేమౌత్ వుడ్స్‌కు తీసుకెళ్లింది. 1963 నుంచి రాష్ట్రం కాపాడుతున్న అడవి. ఏరుకునే ముందు చెట్టును చూడాలి అంది. అవి లాంగ్‌లీఫ్ పైన్ చెట్లు. పేరుకు తగ్గట్టే ఒక్కో సూదాకు మూరెడు దాకా ఉంది, మూడేసి ఆకులు ఒక్క గుత్తిగా. గాలి వీస్తే మన తాటిచెట్లు గలగలమంటాయి చూడండి, ఆ మోత కాదు. దూరంగా ఏదో నది పారుతున్నట్టు. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను, నీళ్లెక్కడ అని.

చెట్ల మధ్య అక్కడక్కడా గడ్డి దుబ్బుల్లాంటివి ఉన్నాయి. అవి గడ్డి కావు, పైన్ పిల్లలే. మొలిచాక కొన్నేళ్లపాటు పైకి లేవకుండా గడ్డిలా నేలకు అంటిపెట్టుకుని, లోలోపల వేరు దింపుకుంటాయి. మంట వచ్చిపోయినా మధ్యలోని మొగ్గ ఆకుల చాటున బతుకుతుంది. ఈ అడవికి మంట కావాలి. రెండు మూడేళ్లకోసారి అడవి వాళ్లే నిప్పు పెట్టి అడుగు తుప్పను కాలుస్తారు. లేకపోతే ఓక్ చెట్లు ఎగబడి పైన్‌ను మింగేస్తాయి. ఒకప్పుడు వర్జీనియా నుంచి టెక్సాస్ దాకా సుమారు 9 కోట్ల ఎకరాల్లో ఉండేదట ఈ చెట్టు. కలప కోసం నరికి, టర్పెంటైన్ బంక కోసం గాట్లు పెట్టి, 20వ శతాబ్దం ముగిసేసరికి నూటికి మూడు నాలుగు వంతులు మిగిల్చారు. ముసలి చెట్ల మొదళ్లలో ఆ గాట్లు ఇంకా కనిపిస్తాయి, కల్లు గీతకు గీసిన గాట్లలాగే ఒకదాని కింద ఒకటి. కాకపోతే గీత కార్మికుడు చెట్టు బతకాలని గీస్తాడు. ఈ చెట్ల నుంచి తారు తీసిన పని వల్లే ఈ రాష్ట్రం వాళ్లకు ‘తారు మడమలు’ అనే అర్థం వచ్చే టార్ హీల్స్ అన్న పేరు పడింది. ఇప్పుడది గర్వంగా చెప్పుకుంటారు.

ఇక్కడే ఇంకో చెట్టు ఉంది. 1548లో మొలిచిందని వలయాలు లెక్కబెట్టి తేల్చారు. బతికున్న లాంగ్‌లీఫ్ పైన్‌లలో తెలిసినంతవరకు వయసులో ఇదే పెద్దది. చూడ్డానికి ఏమంత గొప్పగా లేదు, పైన గొడుగు చదునై కాస్త వంగిన ముసలి చెట్టు. నేను మాత్రం లెక్కేసుకున్నాను. అది మొలిచినప్పుడు గోల్కొండలో జంషీద్ కులీ కుతుబ్ షా ఏలుతున్నాడు. విజయనగరం ఇంకా నిలిచే ఉంది. చార్మినార్ లేవడానికి 43 ఏళ్లుంది. అంతకాలంగా ఏటేటా కాయలు రాల్చుకుంటూ నిలబడింది.

దాని కింద జానెడు పొడవు కాయ ఒకటి పడి ఉంది. చెయ్యి చాపాను. పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుని బోర్డు చూపించింది. ఇక్కడ రాలిన కాయ కూడా ముట్టరాదు. ఉడతలకు, పురుగులకు, నేలకు అది కావాలి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అడవిలోది ఎవరిదీ కాదు కనుక అందరిదీ అనే అలవాటు నాది. ఇక్కడ ఎవరిదీ కాదు కనుక ఎవరూ ముట్టరు.

తమ్ముడి భూమి అక్కడికి అరగంట. గేటు దగ్గర, ఆకు ఎత్తరాదని బోర్డు. ఆకు ఏమిటి అనుకున్నాను. రాలిన పైన్ ఆకు ఇక్కడ పైరు. దాన్ని పోగుచేసి మోపులు కట్టి, పూలమొక్కల మొదళ్లలో పరచడానికి అమ్ముతారు. ఇట్లా బోర్డు పెట్టిన భూమిలోంచి ఆకు ఎత్తుకుపోతే ఈ రాష్ట్ర చట్టం దాన్ని చిల్లర దొంగతనం కింద వదిలెయ్యదు, ఫెలనీ అనే పెద్ద నేరం కింద లెక్కేస్తుంది. తమ్ముడు పొడుగాటి మనిషి, తక్కువ మాట. టోపీ తీసి నాకు తలవంచి, కాయలు ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి, చెట్ల మొదళ్ల దగ్గరివి తీస్తే నాకు పని తప్పుతుంది అన్నాడు. చలికాలం చివర్లో ఆ చెక్కకు నిప్పు పెడతాడట. మొదలు చుట్టూ కాయలూ ఆకులూ కుప్పపడి ఉంటే మంట అక్కడే నిలిచి ముసలి చెట్టు వేళ్లు ఉడికిపోతాయట. అందుకని ముందే గోకి తీసెయ్యాలి.

ఏరడంలో కూడా పని ఉంది. పెద్దావిడ ఒక్కో కాయనూ తీసి, కాలి బూటుకు రెండుసార్లు కొట్టి, తలకిందులు చేసి చూసి, అప్పుడు పెట్టెలో వేసింది. బూడిదరంగుకు తిరిగినవి వద్దు, లోపల పుచ్చు. నక్క ఉడత కొరికినవి ముందే తెలుస్తాయి, కంకి ఒలిచిన మక్క బెండులా నడిమి ఊస మాత్రం మిగులుతుంది. చీమల గూడు పక్కది ముట్టొద్దు, ఆ చీమలు నిప్పుల్లా కుడతాయి. ఇంకా మూసి ఉన్నవి దొరికితే తీసుకోవచ్చు, పొయ్యిలో విచ్చుకుంటాయి. సగం విచ్చుకున్నవాటిని అక్కడే దులిపి విత్తనాలు రాల్చాలి. మనవరాలు ఒకదాన్ని దులిపితే గింజ ఒక్క రెక్కతో గిరగిరా తిరుగుతూ దిగింది, మిగతా రెక్కలు మరిచిపోయిన తూనీగలా.

మూడు పెట్టెలు నిండేసరికి నా నడుం పోయింది. సాయంత్రం ఇంటికొచ్చాక ముందు బట్టలు విప్పి పిడుదుల కోసం ఒళ్లంతా వెతుక్కోవడం ఇంకో తతంగం. నా మోకాలి వెనక ఒకటి దొరికింది. మా బిడ్డ పెట్టిన గావుకేకకు పిడుదు కూడా అదిరి ఉంటుంది.

ఇక అసలు పని పొయ్యిలో. కాయల్ని ఎందుకు కాల్చాలని అడిగాను. కాల్చడం కాదు, ఆరబెట్టడం అంది పెద్దావిడ. పొలుసుల మధ్య పురుగులు, గుడ్లు, సాలెపురుగులు ఉంటాయి, వెచ్చటి ఇంట్లోకి తెస్తే క్రిస్మస్ లోపలే లేచి తిరుగుతాయి. రెండోది బంక. వేడికి కరిగి కాయ ఒంటికి సన్నటి మెరుగులా పడుతుంది, ఆరాక చేతికి అంటదు. మూడోది, మూసుకున్నవి విచ్చుకుంటాయి. మట్టి ఎక్కువున్నవాటిని ముందు వినిగర్ కలిపిన నీళ్ల బకెట్లో అరగంట ముంచింది. ముంచగానే అన్నీ మూసుకోవడం మొదలుపెట్టాయి. నాకు తెలుసు అన్నట్టు చూశాను. ఆ తడివి రెండు మూడు రోజులు పాత పేపరు మీద ఆరాలి.

అవెన్ 200 డిగ్రీల దగ్గర పెట్టమంటే గుండె గుభేలుమంది. ఫారన్‌హీట్ అట, మన లెక్కలో 93. ట్రే నిండా రేకు కాగితం పరిచి, అంచులు పైకి మడిచి, కాయలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, అరగంట నుంచి గంట. వదిలి పోవద్దు, అది బంక, అంటుకుంటుంది. పది నిమిషాలకు లోపల చిటచిటమని మొదలైంది, నువ్వులు వేగుతున్నట్టు. గాజు తలుపులోంచి చూస్తుంటే మూసుకున్న కాయ ఒకటి అడుగు వరస నుంచి పొలుసు పొలుసే వెనక్కి వాలింది. మనవరాలికీ నాకూ కూర్చోవడానికి పీట కావాల్సి వచ్చింది. ఇల్లంతా ఒక వాసన. సాంబ్రాణి అందామా అంటే కాదు, రంగులేసేవాళ్ల టర్పెంటైన్ అందామా అంటే అంత ఘాటు లేదు. రెండింటి మధ్య ఎక్కడో.

మర్నాడు పెద్దావిడ లేనప్పుడు రెండో వాయి నేనే పెట్టాను. ముప్పావుగంట కూర్చునే ఓపిక లేక మీట 350కి తిప్పాను. మన వంటింట్లో మంట పెంచితే పని తొందరగా అవుతుంది కదా. బంక ట్రే అంచు దాటి అవెన్ అడుగున పడింది. నల్లటి పొగ. కప్పు మీది అలారం చెవులు చిల్లులు పడేలా మొత్తుకుంది. అల్లుడు ఆఫీసు మీటింగు మధ్యలోంచి పరుగెత్తుకొచ్చి, కుర్చీ ఎక్కి తువ్వాలు ఊపుతూ “ఏం గాదు అత్తమ్మా, ఏం గాదు” అంటూనే ఉన్నాడు. ఆయన చెవికి ఉన్న ఇయర్‌ఫోన్‌లో అవతలివాళ్లంతా ఈ మాట విన్నారట.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఊళ్లో బతుకమ్మకు ముందు రోజులు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు గునుగు కోసం జొన్నచేల గట్ల వెంట పడేవాళ్లం. ఎవరి చేను అని ఎవరూ అడిగేవారు కాదు, గునుగు కలుపు మొక్క, కోస్తే రైతుకే మేలు. తెచ్చినదాన్ని విప్పి, కాడలు సమంగా కోసి, చిన్న చిన్న కట్టలు కట్టి, పొడి రంగు కలిపిన వేడినీళ్లలో కొసలు ముంచి, చాప మీద ఆరబెట్టేది మా అమ్మ. వారం రోజులు గోళ్లలో గులాబీరంగు పోయేది కాదు. ఆట ఆడేది గంట, పూల పని మూడు రోజులు. ఇప్పుడు చేలల్లో కలుపు మందు కొడుతున్నారు, గునుగు కనబడదు. మార్కెట్లో కట్టకింత అని కొంటున్నాం, రంగు కూడా వాళ్లే వేసి అమ్ముతున్నారు. ఇక్కడి దుకాణాల్లోనూ అంతే. దాల్చినచెక్క వాసన పట్టించిన పైన్ కాయలు వల సంచిలో వేలాడుతున్నాయి. మా బిడ్డ ఒక సంచి చూపించి, ఇంత కష్టమెందుకమ్మా, ఇది తీసుకుంటే అయిపోతది కదా అంది. అవును, అయిపోతుంది. పండుగ అంతకుముందే అయిపోతుంది అనబోయి, పైసలు సంపాదించే పిల్లతో వాదన ఎందుకని ఊరుకున్నాను.

డిసెంబర్ మొదటి శనివారం క్రిస్మస్ చెట్టు కోసం కొండల మీదికి పోయాం, బూన్ ఊరి వైపు. కిందంతా ఆకు రాలిన ఓక్ అడవి, మీద పొగమంచు. సెప్టెంబర్ చివర హెలీన్ తుఫాను ఈ కొండల్ని కడిగి పారేసింది. వాగుల పక్కన వేళ్లతో లేచిన చెట్లు ఇంకా అట్లాగే పడి ఉన్నాయి, వంతెన పోయినచోట కొత్త కంకర. అయినా రోడ్డు పక్క ప్రతి తోట ముందూ చెట్లు అమ్ముతామని బోర్డులు. ఇక్కడి క్రిస్మస్ చెట్టు ఫ్రేజర్ ఫర్. 18వ శతాబ్దంలో ఈ కొండలు తిరిగిన జాన్ ఫ్రేజర్ అనే స్కాట్లండు వృక్షశాస్త్రజ్ఞుడి పేరు పెట్టారు. ఆకు చిన్నది, మెత్తనిది, నారింజ తొక్క గిల్లినట్టు వాసన.

కొమ్మల మీద కాయలు వెతికాను, లేవు. ఫర్ చెట్టు కాయలు వేలాడవు, కొవ్వొత్తుల్లా నిటారుగా నిలబడతాయి. ముదిరాక చెట్టు మీదే పొలుసు పొలుసుగా విడిపోతాయి, ఏరుకోవడానికి కింద ఏమీ పడదు. పైగా ఈ తోటల్లో వేసవి మొదట్లోనే చెట్టు బలం పోకుండా లేత కాయల్ని చేత్తో గిల్లేస్తారు. గిల్లేవాళ్లలో ఎక్కువమంది మెక్సికో నుంచి సీజను వీసా మీద వచ్చిన కూలీలు. మా చెట్టును వలలోకి తోసి కారు మీద కట్టిన అతను అట్లా వచ్చినవాడే. మనవరాలు బడిలో నేర్చుకున్న స్పానిష్‌లో ఇంటికి ఎప్పుడు పోతావని అడిగింది. ఇంకో రెండు వారాలు, పిల్లలు ముగ్గురు అని వేళ్లు చూపించాడు. మా మేనల్లుడు పన్నెండేళ్లు దుబాయ్‌లో చేశాడు. సెలవు దగ్గర పడ్డాక ఫోన్లో వాడి గొంతు ఎట్లా ఉండేదో, ఇతని ముఖం అట్లా ఉంది. మెడలోని ఉన్ని మఫ్లరు సవరించుకుని నాకు నమస్కారంలాంటిది పెట్టాడు. నేనూ పెట్టాను.

తోట అంచున తెల్ల పైన్ చెట్లున్నాయి. అడిగి నాలుగు కాయలు తీసుకున్నాను. సన్నగా, బెండకాయల్లా వంగి, ప్రతి పొలుసు కొసనా తెల్లటి బంక చుక్క. కారెక్కేలోపు నా పది వేళ్లూ ఒకదానికొకటి అతుక్కున్నాయి. మా బిడ్డ సబ్బు, శానిటైజరు వెతుకుతుంటే, తల నూనె సీసా తియ్యమన్నాను. పనసకాయ కోసేటప్పుడు చేతికి కొబ్బరినూనె రాసుకోవడం ఎవరు నేర్పారో గుర్తులేదు. నూనె రుద్ది తుడిస్తే బంక ఉండలై వచ్చేసింది. ఈ ఒక్క సంగతి పక్కింటి పెద్దావిడకు తెలియదు. చెప్పగానే చిన్న పుస్తకంలో రాసుకుంది.

దండలు కట్టింది ఆమె గ్యారేజీలో. అడవి ద్రాక్ష తీగను చుట్ట చుట్టిన చట్రం. కాయ అడుగు వరస పొలుసుల మధ్యకు సన్నటి ఇనుప తీగ దూర్చి, ఒక చుట్టు తిప్పి మెలేసి, రెండు కొసలతో చట్రానికి కట్టాలి. పెద్దవి ముందు, సందుల్లోకి చిన్నవి. కొన్నిటిని అడ్డంగా రంపంతో కోసింది. పైనుంచి చూస్తే అడుగు ముక్క అచ్చం ముద్దబంతి పువ్వు. ఆ ముక్కలు చేతికి రాగానే నా చేతులు మాట వినలేదు. ఒక పళ్లెంలో గుండ్రంగా ఒక వరస, దాని మీద కాస్త లోపలికి ఇంకో వరస, మళ్లీ ఇంకోటి. మనవరాలు చూసి, “అమ్మమ్మా, బతుకమ్మ!” అంది. పెద్దావిడ మాత్రం క్రిస్మస్ చెట్టు బాగా చేశావని మెచ్చుకుని, గౌరమ్మను పెట్టాల్సినచోట నక్షత్రం గుచ్చింది. ఇద్దరికీ తృప్తి. ఆ పళ్లెం వాళ్ల చర్చిలో భోజనాల బల్ల మీదికి పోయింది.

ఒక్క విషయంలో ఆమెతో నాకు పడలేదు. చివర ఆమె స్ప్రే డబ్బాతో బంగారు రంగు కొడుతుంది. గునుగుకు రంగు ముంచే ఊరి నుంచి వచ్చి ఈ మాట అనకూడదు గానీ, నాకు నచ్చలేదు. మనవరాలికి ఒక పని పెట్టాను. రెండు చిన్న కాయలు, ఒకటి మందంగా రంగు కొట్టింది, ఒకటి ఉత్తది, రెండూ నీళ్ల గిన్నెలో. గంటకు ఉత్తది పిడికిలి బిగించింది. బంగారుది సగంలో ఆగి, ముంగిలా కూర్చుంది. మనవరాలు ఉత్తదాన్ని తీసుకుని వరండాలో దారంతో వేలాడగట్టింది. ఆ తర్వాత రోజూ బడికి పోయేముందు దాన్ని చూసి, గొడుగు తీసుకుపోవాలా వద్దా అని తేల్చుకునేది. రెండుసార్లు తడిసి వచ్చింది.

మార్చి ఆఖరున తిరిగొచ్చాను. విమానాశ్రయంలో విత్తనాలూ చెక్కా తేవడానికి సవాలక్ష నిబంధనలని కాయ ఒక్కటి కూడా తేలేదు. ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. ఒకరోజు పొద్దున మా బడికి పోయాను. ఇప్పుడు అక్కడ జీవశాస్త్రం చెప్పేది నా దగ్గర చదువుకున్న పిల్లే. ల్యాబ్ తాళం తీయించాను. అలమారా, పై అర, బల్లి పక్కన సీసా. అంతే ఉంది.

“దీన్ని తీద్దామా?” అన్నాను.

“తియ్యొచ్చా టీచర్?” అంది ఆ పిల్ల. నేను బల్ల మీద గీసిన బొమ్మను నోట్‌బుక్కులో దించుకున్న పిల్ల.

కిటికీలు తెరిచి, చేతులకు తొడుగులేసుకుని తీశాం. నీళ్లు మార్చి మార్చి నాలుగుసార్లు కడిగాం. మా ఎండకు అవెన్ ఎందుకు? మేడ మీద స్టీలు పళ్లెంలో పెట్టి, కోతులు ఎత్తుకుపోకుండా జల్లి గంప బోర్లించి, మీద రెండు ఇటుకలు పెట్టాం. మొదటి రోజు కదల్లేదు. రెండో రోజూ అంతే. ముసలిదైపోయింది, పొరలు చచ్చుబడ్డాయేమో అనుకున్నాను.

మూడో రోజు పన్నెండున్నరకు బడి వదిలాక పైకెక్కాం. ఎండకు మెట్ల చువ్వ చేతిని కాలుస్తోంది. గంప ఎత్తితే అడుగు నుంచి రెండో వరసలో మూడు పొలుసులు విచ్చుకుని ఉన్నాయి. మా వెనకే వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లాడొకడు వంగి చూసి, “పగిలిపోయింది టీచర్” అన్నాడు. పగల్లేదురా అంటూ కాయను చేతిలోకి తీసుకుని కాస్త ఒంచాను. పళ్లెంలో టప్పున ఏదో రాలింది. నల్లటి గింజ, చిట్లిన రెక్కతో.